దరఖాస్తుకు జతపరచిన రాయి

కాలేజీలో చేరబోయే పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. దరఖాస్తుతో పాటు ఇద్దరు పెద్దమనుషుల యోగ్యతా పత్రాలు పెట్టమంటే ఇద్దరివే పెట్టండి. మూడో పెద్దమనిషి నేనూ ఇస్తానని వస్తే చెప్పకుండా ఊరు వదిలి పొండి. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద బరువు మోసి నేర్చుకున్న మాట.

నేను మార్కాపురంలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సొంతూరు గిద్దలూరు పక్కన. అప్పట్లో మాది మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా. మొన్నామధ్య ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండానే వేరే జిల్లావాళ్ళమైపోయాం, అది వేరే సంగతి. రెండో యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా బడిలో ఎస్సెల్సీ గట్టెక్కడమే గొప్ప, గట్టెక్కినవాడు కాలేజీ దాకా పోవడం మరీ గొప్ప. ఎవడైనా పోతానంటే వాడి దరఖాస్తు రాసే పని నా నెత్తిన పడేది. ఉపాధ్యాయుల్లో అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి కాదనే హక్కు నాకు లేదు.

మా హెడ్మాస్టరు గారిది తంజావూరు వైపు. తెలుగు కూడా ఇంగ్లీషులాగే నేర్చుకుని మాట్లాడేవారు. దరఖాస్తుల మీద ఆయనకొక సిద్ధాంతం ఉండేది. మంచి దరఖాస్తు అంటే బరువైన దరఖాస్తు. "చదువువాడు మధ్యలో అలసిపోవలెను మాస్టారూ. అలసినవాడు కాదనడు" అనేవారు. ఆ సిద్ధాంతంతోనే పై అధికారుల నుంచి బడికి రెండు బెంచీలు సాధించారు కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

ఆ ఏడాది కాలేజీకి పోదగినవాడు ఒక్కడే ఉన్నాడు. అర్ధవీడు వైపు పల్లె. తల్లీ తండ్రీ పలకల గనిలో కూలి చేసుకోవడానికి మార్కాపురం వచ్చి చర్చి దగ్గర గుడిసె వేసుకున్నారు. కుర్రవాడు నోరు విప్పేవాడు కాదు. లెక్కల్లో మాత్రం మా లెక్కల మాస్టారికే చెమటలు పట్టించేవాడు. దూరంగా ఉన్న ఒక కాలేజీలో బీద విద్యార్థి ఒకడికి ఫీజూ హాస్టలూ ఉచితమని తెలిసింది. ఆ ఒక్క సీటు వస్తే వాడు చదువుతాడు, రాకపోతే లేదు.

వాడి తండ్రి బడి గుమ్మం దగ్గర నిలబడి సంగతి తేల్చి చెప్పాడు. "సీటొస్తే పోతాడు సార్. రాకుంటే ఆ పై సోమారం నుంచి గనికే. యజమానికి మాటిచ్చినా."

తండ్రి వెళ్ళాక కుర్రవాడు ఒక్క మాటన్నాడు. "సార్, నాకు గని వద్దు సార్." అంతకుముందు రెండేళ్ళలో వాడు నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు. ఆ మాట విన్నాక వాణ్ణి ఎలాగైనా పంపాలని నాకూ పట్టుదల పుట్టింది.

స్థానికంగా గౌరవనీయులైన ఇద్దరి యోగ్యతా పత్రాలు జతచేసి, ఇంటర్వ్యూకు దరఖాస్తుతో స్వయంగా రావాలని రాసి ఉంది. నేను గ్రామ మునసబు గారినీ, డాక్టరు గారినీ అడిగాను. తప్పంతా అక్కడ జరిగింది. అడిగింది కాఫీ హోటల్లో, పొద్దున పూట, అందరూ కూర్చుని ఉండగా.

మా వైపు పెళ్ళి పిలుపుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పక్కింటికి బొట్టు పెట్టి ఎదురింటికి పెట్టకపోతే ఆ పగ మనవల దాకా పోతుంది. యోగ్యతా పత్రం కూడా పెళ్ళి పిలుపు లాంటిదేనని నాకు అప్పటిదాకా తోచలేదు. మర్నాడు హోటల్ యజమాని కాఫీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "ఏంది సార్, ఊళ్ళో గౌరవం ఉండేది ఆ ఇద్దరికేనా? మేమంతా గౌరవం లేనోళ్ళమా?" అన్నాడు. వకీలు గారు నా నమస్కారం చూడనట్టు వెళ్ళిపోయారు. చర్చి పాస్టరు గారు, తన సంఘం పిల్లవాడికి మునసబు సర్టిఫికెట్టు ఇవ్వడమేమిటని హెడ్మాస్టరు గారి దగ్గరే కూర్చున్నారు.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు. "అందరినీ అడిగి రండి. వానాకాలములోపు బడి పైకప్పునకు చందాలు వీరి వద్దనే అడుగవలెను. పైగా దరఖాస్తు బరువెక్కును" అన్నారు. రెండో కారణం చెప్పేటప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి.

ఇక నేను పెళ్ళి పిలుపులకు పోయినట్టే ఇల్లిల్లూ తిరిగాను. కుర్రవాణ్ణి వెంట తీసుకుపోయేవాణ్ణి. వాళ్ళు తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులోకి మార్చి రాసి, మళ్ళీ తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. ఒక్క మాట వదిలేసినా ఊరుకునేవారు కాదు.

ఈ కుర్రవాడి మీద ఇంతవరకు తన దగ్గరికి ఫిర్యాదు రాలేదని మునసబు గారు రాయించారు. చలిజ్వరానికి క్వినైన్ ఇస్తే ముఖం చిట్లించకుండా మింగాడని డాక్టరు గారు. వకీలు గారు మాత్రం స్వయంగా ఇంగ్లీషులో రెండు పేజీలు రాశారు. దాని సారాంశం, ఈ కుర్రవాడు మంచివాడు కాదని తాను అనడం లేదని, అయితే ఆ మాటకు తనను బాధ్యుణ్ణి చేయరాదని. ఇతను ఒక్కనాడూ తన హోటల్లో కూర్చుని కాలం వృథా చేయలేదని హోటల్ యజమాని రాయించాడు. ఆ వాక్యం నాకు బాగా నచ్చి చక్కని ఇంగ్లీషులో పెట్టాను.

అందరిలోకీ శ్రద్ధగా ఇచ్చినవాడు ఎడ్ల బేరగాడు. సంతలో ఆయన నోటిమాట మీద జతలకు జతలు చేతులు మారేవి. కుర్రవాణ్ణి ఎండలో నిలబెట్టి చుట్టూ తిరిగాడు. గిట్టల సంగతి గుర్తొచ్చిందేమో, అరికాళ్ళు చూశాడు. నోరు తెరవమన్నాడు. తలమీద జుట్టు విడదీసి సుడి ఎక్కడుందో చూశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని నాకు చెప్పాడు.

"రాసుకో సార్. పళ్ళు బాగున్నాయి. చెడ్డ సుడి లేదు. తన్నడు, పొడవడు. బరువు చూసి బెదరడు. మెట్టకైనా మాగాణికైనా పనికొస్తాడు. మేత తక్కువ."

"ఇది మనిషికి ఇచ్చేది కదా మామా" అన్నాను.

"మనిషికి వేరే ఏముంటాయి సార్? చెబితే అవీ రాయిస్తా" అన్నాడు. ఉన్నదున్నట్టు రాశాను.

కాగితాలన్నీ పేర్చి ఒక కట్టగా చేశాక కుర్రవాడి ఇంట్లో చదివి వినిపించాను. తండ్రి చివరిదాకా ఓపికగా విని, "ఇంత మంచోడు మా ఇంట్లో ఉంటే మాకెప్పుడూ కనపడలేదేంది సార్?" అన్నాడు. తల్లి ఆయన్ని కసిరి, కళ్ళు తుడుచుకుంది.

పని అయిపోయిందనుకుంటుండగా గని యజమాని కబురు పెట్టాడు. ఊళ్ళో సగం మందికి కూలి ఇచ్చే మనిషి. ఆయన్నే నేను మరిచిపోయాను. పరుగున పోయాను. ఆయన కోపంగా లేడు, అది ఇంకా భయం కలిగించింది.

"అందరూ కాగితాలే ఇచ్చినారంట గదా. కాగితాన్ని చెదలు తింటాది. మన ఊరు ఎందుకు పేరుబడింది సార్? రాయికి గదా. నేను రాయి మీద ఇస్తా."

కాదంటే ఆ కుర్రవాడి తండ్రికి పని పోవచ్చు. హెడ్మాస్టరు గారితో చెబితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన సిద్ధాంతం ఇంత అక్షరాలా నిజమవుతుందని ఆయనే ఊహించలేదు.

రాయి పని ఊరి చివర ఉండే శిల్పికి అప్పగించారు. చేతిలో పనితనం ఉన్న మనిషి. అయితే ఆయన జీవితమంతా చెక్కింది చర్చి వాళ్ళ సమాధి రాళ్ళు. అది నాకు తెలుసు, యజమానికీ తెలుసు. ఇద్దరికీ ఆ సమయానికి గుర్తు రాలేదు. యజమాని పంపిన మనిషి వెళ్ళి, ఫలానా కూలివాడి కొడుకు పేరు, పుట్టిన సంవత్సరం, మంచివాడని నాలుగు మాటలు, కింద యజమాని పేరు పెద్దక్షరాలతో చెక్కమని చెప్పి వచ్చాడు. ఆ కుర్రవాడు కాలేజీకి పోతున్నాడని మాత్రం చెప్పలేదు. అది ఊరంతా తెలిసిన సంగతే కదా అనుకున్నాడు.

ఇంటర్వ్యూకు బయలుదేరిన రోజు మేం స్టేషన్ చేరేసరికి రాయి గోనెపట్టాలో చుట్టి మాకంటే ముందే వచ్చి ఉంది. పక్కన శిల్పి తలగుడ్డ చేతిలో పట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. కుర్రవాణ్ణి చూసి గతుక్కుమని లేచాడు.

"ఒరే, నువ్వు బతికే ఉండావా?"

కుర్రవాడు అవునన్నట్టు తలూపాడు.

"మరి నాకెవరూ చెప్పలేదే" అని శిల్పి తల పట్టుకున్నాడు. "చిన్న వయసులో పోయినాడని రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు సార్. కూలి కూడా తగ్గించుకున్నా."

గోనెపట్టా విప్పాను. నల్లటి నున్నటి బండ. పైన సిలువ, చుట్టూ ద్రాక్షతీగ. కుర్రవాడి పేరు. జననం, పక్కన సంవత్సరం. మరణం, పక్కన ఖాళీ. దాని కింద, ఇతడు సాధువు, కష్టజీవి, ఇతనిని ఎరిగినవారందరూ ఇతడు లేని లోటునకు చింతించుచున్నారు. ఇంకా కింద, ఇతని జ్ఞాపకార్థము ఈ రాయి వేయించినవారు అని, యజమాని పేరు, కుర్రవాడి పేరుకంటే పెద్దది.

"తేదీ ఎవరూ చెప్పలేదు సార్, ఖాళీ పెట్టినా. కావాల్సినప్పుడు చెప్తే వచ్చి కొడతా. దానికి కూలి అడగనులే" అన్నాడు శిల్పి.

తల్లికి చదువు రాదు. కానీ సిలువా ద్రాక్షతీగా ఉన్న రాయి ఎక్కడ పాతుతారో ఆమెకు బాగా తెలుసు. కొడుకును గట్టిగా పట్టుకుని, "నాకు సీటూ వద్దు, ఏమీ వద్దు, నా బిడ్డ నాకు చాలు" అని కూలబడిపోయింది. ఆ సమయానికే గని యజమాని పూలదండతో వచ్చాడు. ఆయన తన పేరు ఒక్కటే చదువుకుని, "అక్షరాలు లోతుగా పడినాయి" అని సంతోషించి, తెచ్చిన దండను రాయికి వేశాడు. తల్లి ఏడుపు రెట్టింపైంది. రైలు వచ్చేసింది.

రాయిని అక్కడే వదిలేద్దామనుకున్నాను. యజమాని కదలడం లేదు. చివరికి తండ్రే, "పోనీలేవే, ఎదురుగా బతికున్నాడు గదా. తేదీ వెయ్యలేదు గదా" అని ఆమె చేతులు విడిపించి కొడుకును రైలెక్కించాడు. నేనూ శిల్పీ రాయిని ఎక్కించాం.

దారంతా నేను వాడికి ఇంగ్లీషు జవాబులు వల్లె వేయించాను. వాడు చెప్పినదాన్ని చెప్పినట్టు అప్పజెప్పాడు. ఎదురు బల్ల మీది ముసలమ్మ మాత్రం దండ వేసి ఉన్న రాయినీ, నన్నూ, కుర్రవాణ్ణీ మార్చి మార్చి చూసి, దిగిపోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పి పోయింది.

కాలేజీ వరండాలో తక్కిన కుర్రవాళ్ళంతా రెండేసి కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. మా వంతు రాగానే వాడొక కొస, నేనొక కొస పట్టుకుని రాయిని లోపలికి మోశాం. బంట్రోతు అడ్డం వచ్చాడు. ఇది కూడా సర్టిఫికెట్టేనన్నాను. మాస్టర్లు లోపలికి రాకూడదన్నాడు. అయితే ఆ రెండో కొస నువ్వు పట్టుకో అన్నాను. తప్పుకున్నాడు.

ప్రిన్సిపాలు తెల్లదొర. తెలుగు గ్రాంథికంలో నేర్చుకున్న మనిషి. రాయి బల్ల మీద పెడితే సిరాబుడ్డి ఎగిరి పడింది. ఇంగ్లీషులో కుర్రవాడి పేరడిగాడు. రైల్లో నేర్పిన జవాబులన్నీ వాడి గొంతులో ఒకేసారి అడ్డం పడ్డాయి. నోరు తెరిచాడు, మాట రాలేదు. దొర మళ్ళీ అడిగాడు. మళ్ళీ రాలేదు. నా కళ్ళముందు సోమవారం కనపడింది.

దొర కళ్ళజోడు సవరించుకుని రాయి మీది తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, దుఃఖంలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు, తెలుగులో అడిగాడు.

"మృతుడు ఎవరు?"

"నేనే సార్" అన్నాడు కుర్రవాడు.

దొర వాణ్ణి తలనుంచి కాళ్ళదాకా చూశాడు. "ఎప్పుడు?"

"తేదీ ఇంకా వెయ్యలేదు సార్."

దొర మీసాల కింద ఏదో కదిలింది కానీ పైకి రానివ్వలేదు. కాగితాల కట్ట తిరగేశాడు. కాసేపటికి దాన్ని వాడి ముందుకు తోసి, "ఇందులో సత్యమైనవి ఏవి? నీవే చెప్పుము" అన్నాడు. కుర్రవాడు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

వాడు మునసబు గారి కాగితం తీశాడు. "ఇది అబద్ధం సార్. మా మేకలు ఆయన చేలోనే పడినాయి. ఆయనే నన్ను కొట్టినాడు. మర్చిపోయినట్టుండాడు." పక్కన పెట్టాడు. వకీలు గారిది తీశాడు. "ఇది నాకర్థం కాలేదు సార్."

"నాకును కాలేదు" అన్నాడు దొర.

తర్వాత హోటల్ యజమానిది. "ఇది నిజమే సార్. నేను ఒక్కనాడూ లోపల కూర్చోలేదు. మమ్మల్ని కూర్చోనియ్యరు. బయట నిలబడితే పోస్తారు."

వాడు ఫిర్యాదుగా అనలేదు. నిజమేదో చెప్పమన్నారు కాబట్టి చెప్పాడు. ఆ వాక్యాన్ని చక్కని ఇంగ్లీషులో పెట్టి మురిసిపోయింది నేనే. ఆ హోటల్లో రోజూ లోపలే కూర్చుని కాఫీ తాగేవాణ్ణి కూడా నేనే. సిగ్గుతో నాకు చెవులు కాలాయి.

కుర్రవాడు కాగితాలు వెతికి ఎడ్ల బేరగాడిది పైన పెట్టాడు. "ఇదొకటి పూర్తిగా నిజం సార్. ఈయనొక్కడే నన్ను సరిగ్గా చూసి రాయించినాడు. నోరు కూడా తెరిపించినాడు."

దొర దాన్ని పైకి చదివాడు. పళ్ళు, సుడి, తన్నడు, పొడవడు, బరువు చూసి బెదరడు, మేత తక్కువ. మేత దగ్గరికి వచ్చేసరికి ఆయన వల్ల కాలేదు. కళ్ళజోడు తీసి, బల్ల మీద తల వాల్చి నవ్వాడు. బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు.

నవ్వు తగ్గాక రాయిని వేలితో తట్టి, "మరి ఇది?" అన్నాడు.

"పుట్టిన సంవత్సరం సరిగ్గానే ఉంది సార్" అన్నాడు కుర్రవాడు. "తక్కినదానికి తొందర లేదు. ముందు చదువుకుంటా."

సీటు వచ్చింది. రాయిని మాత్రం కాలేజీలో ఉంచుకోవడం కుదరదన్నారు. వాడు దాన్ని హాస్టల్లో మంచం కింద పెట్టుకున్నాడు. ఉన్నన్నాళ్ళూ అన్ని గదుల్లోని చొక్కాలకూ దాని కిందే ఇస్త్రీ జరిగింది. పరీక్షల ముందు కొందరు దానికి దండం పెట్టుకునేవారని కూడా విన్నాను.

మార్కాపురంలో గని యజమాని ఆ సీటు రాయి వల్లే వచ్చిందని చెప్పుకున్నాడు. మరుసటి ఏడు దరఖాస్తుల కాలం రాగానే శిల్పి బడికి వచ్చి, "ఈసారి ఎవరికి సార్?" అని అడిగాడు. హెడ్మాస్టరు గారు ఆలోచనలో పడటం చూసి నేను బదిలీకి అర్జీ పెట్టుకున్నాను. అది ఒక్క పేజీ అర్జీ, ఎవరి పత్రమూ జత చేయలేదు. వెంటనే మంజూరైంది.

ఆ కుర్రవాడు చదివి, పెద్ద చదువులు చదివి, తానే ఒక కాలేజీలో పిల్లల దరఖాస్తులు చూసే కుర్చీలో కూర్చున్నాడు. నేను రిటైరైన రోజు జీపులో వచ్చాడు. జుట్టు నెరిసింది. ఇద్దరు మనుషుల చేత ఆ రాయినే మోయించుకుని వచ్చి నా వరండాలో దింపించాడు. వెనక వైపు చూడమన్నాడు.

వెనక వైపు నా పేరు ఉంది. అదే శిల్పి, చెయ్యి కాస్త వణికింది కానీ పని అదే పని. జననం, పక్కన నా సంవత్సరం. మరణం, పక్కన ఖాళీ. దాని కింద, ఇతడు తన్నడు, పొడవడు, బరువు చూసి బెదరడు. మేత గురించి చెక్కించలేదు, నన్ను ఎరిగినవాడు కదా.

"రాయి ఒకటే సార్" అన్నాడు. "ముందెవరికి అక్కరైతే వాళ్ళది. రెండోవాడు సొంత ఖర్చుతో వేరేది కొట్టించుకోవాల."

మా వాళ్ళలో కాల్చడమే కానీ రాయి పాతే ఆచారం లేదు. వాడు అది పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. సరేనన్నాను.

రాయి ఇప్పటికీ నా వరండాలో గోడకు ఆనించి ఉంది. పేరు బయటికి ఉన్నవాడి వంతు ముందు వస్తుందని వాడి నమ్మకం. లెక్కలు చదివిన మనిషికి ఇదేం పిచ్చి అని మా కోడలు నవ్వుతుంది. ఏటా ఎండాకాలం సెలవుల్లో వచ్చి రెండు రోజులుంటాడు. పోయేటప్పుడు, నేను చూడటం లేదనుకుని, మా మనవడి సాయంతో రాయిని తిప్పి, నా పేరు గోడవైపుకు పెట్టి పోతాడు. నేను వాడి జీపు మలుపు తిరిగేదాకా ఆగి, అదే మనవణ్ణి పిలిచి, వాడి పేరు గోడవైపుకు తిప్పిస్తాను.